పేరంటాలు కత్తి: విప్పకూడని ముడి

పోయినవారం రేవువాడ గుడిగది గుమ్మంలో చెప్పులు విప్పేసి, లోపలికి అడుగు పెట్టనా వద్దా అని నేను తటపటాయిస్తూ ఉండగా ఆగిపోయాం. మధ్యలో చదవడం మొదలెట్టిన వాళ్ళుంటారు కాబట్టి జరిగిందంతా నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి.

నా పేరు సూర్యకళ. పుట్టింది సబ్బవరం దగ్గర, ఉండేది ఉక్కునగరంలో. ఉక్కు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. మా సెక్టారుకి ఏళ్ళ తరబడి చేపలు తెచ్చే పోతమ్మ ఒకరోజు గంప లేకుండా వచ్చి మా మెట్ల మీద కూలబడింది. వాళ్ళింట్లో ఒక పాత కత్తి ఉంది. రెండు చేతులూ వేస్తే తప్ప లేవని పొడుగు కత్తి. ఊరంతా దాన్ని పేరంటాలు కత్తి అంటారు. జాతరకి దానికి చీర, గాజులు, పసుపు పెడతారు. పోతమ్మ మామగారు అప్పలసూరికి అది వలలో దొరికిందని, సముద్రమే ఇచ్చిందని అందరి నమ్మకం. అప్పట్నుంచి దాన్ని మోసే హక్కు ఆ ఇంటిదే. ఇప్పుడు పోతమ్మ కొడుకు ఎల్లారావు మోస్తున్నాడు.

ఈ ఏడు మరబోట్ల ఆసామి వరహాలు అడ్డం తిరిగాడు. ఆ కత్తి తన తాతదట. పూర్వం భీమిలిలో డచ్చి దొరల దగ్గర పనిచేసిన వాళ్ళ పెద్దల నుంచి వచ్చిందట. అప్పలసూరి దొంగిలించాడట. కులపెద్ద గంగరాజు పంచాయితీ పెట్టాడు. దొంగసొత్తని తేలితే ఎల్లారావు ఇల్లు వెలిపడుతుంది, అతని పడవ ఆ రేవులో దిగడానికి వీల్లేదు. అదెక్కడి కత్తో, ఏ రకం కత్తో చూసి చెప్పమని నన్ను పిలిచారు. పెద్దలంతా బయట పందిట్లో కూర్చుని నా మాట కోసమే చూస్తున్నారు.

నిజం చెప్పొద్దూ, నాకు తెలిసింది ఉక్కే గాని కత్తులు కావు. కత్తుల సంగతి చూసే మనిషి వేరే ఉంది. నాతో చదువుకున్న శ్రీసత్య. దేశంలో ఎక్కడ పాత ఆయుధం బయటపడినా దాని ఫొటో ముందు ఆవిడ దగ్గరికే వెళుతుంది. ఫోన్ దగ్గర పెట్టుకుని కూర్చోమని పొద్దున్నే చెప్పి వచ్చాను.

సరే, లోపలికి వెళ్ళాను.

పెంకుల కప్పు, ఇసుక నేల, మధ్యలో ఒక పీట. పీట మీద కత్తి పడుకుని ఉంది. అలుగు కనపడకుండా మొనదాకా ఎర్రంచు పచ్చచీర చుట్టి ఉంది. పిడి ఒక్కటే బయటికి. రెండు చేతులు పట్టేంత పొడుగు, నీలం నైలాను తాడు వరస మీద వరస చుట్టి నా మణికట్టంత లావు చేశారు. పిడీ అలుగూ కలిసేచోట అడ్డంగా ఒక ఇనుప కమ్మీ. గది నిండా సొరచేప నూనె కంపు. పడవ చెక్కలకి రాసే నూనే కత్తికీ రాస్తారు.

లోపల పోతమ్మ, ఎల్లారావు, వరహాలు, గంగరాజు, నేను. అంతే. మిగతావాళ్ళకి ప్రవేశం లేదు.

"అదిగో మేడం, ఆ అడ్డకమ్మీ సూడండి. డచ్చోల కత్తికి తప్ప అలగుండదట," అన్నాడు వరహాలు. అరవై దాటిన మనిషి, తెల్లచొక్కా, మాటలో కరుకు.

"ఎవరన్నారు?"

"వైజాగులో పాత సామాన్లు కొనీ ఆయన."

"ఆయన ఈ చీర విప్పి చూశాడా?"

"లేదండి. జాతరలో తీసిన ఫొటో సూసి సెప్పినాడు."

"భేషుగ్గా ఉంది. పెళ్ళికూతురి ముసుగు చూసి ఆవిడ వయసు చెప్పాడన్నమాట."

గంగరాజు మీసం కింద నవ్వుకున్నాడు. వరహాలుకి మాత్రం నవ్వు రాలేదు. "ఇంకోటి కూడా ఇనండి. జాతరకి మొదటి సీర ఎవులింటి నుంచి వత్తాది? మా ఇంటి నుంచి. మా గౌరీశ్వరత్త పట్టుకొత్తాది. తొంభయ్యేళ్ళ మనిషి, మంచం పట్టేసింది. పోయిన జాతరకి కుర్చీలో మోయించుకోనొచ్చి మరీ పెట్టింది. కత్తి మాది కాకపోతే మాకేటి పనండి?"

ఎల్లారావు నేల చూపులు చూశాడు. మొదటి చీర వరహాలు ఇంటినుంచి రావడం ఊళ్ళో అందరూ ఎరిగిందే. ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

"చీర తియ్యి పిన్నీ," అన్నాను పోతమ్మతో.

పోతమ్మ కత్తికి దండం పెట్టి, పసిపిల్లకి బట్టలు మార్చినంత జాగ్రత్తగా చీర తీసింది. అలుగు బయటపడింది. నేను భూతద్దం పెట్టి మొదట్నుంచి మొనదాకా చూశాను. మళ్ళీ వెనక్కి చూశాను. పదును ఒకవైపే ఉంది. రెండోవైపు మందంగా వీపు. సగం నుంచి మొనవైపు మెల్లగా వంపు తిరిగింది. దెబ్బలున్నాయి, పాత గీతలున్నాయి. నేను వెతుకుతున్నది మాత్రం ఎక్కడా లేదు.

ఉప్పునీళ్ళు ఉక్కుని ఎలా కొరుక్కుతింటాయో చూడటమే నా సగం ఉద్యోగం. సముద్రంలో పడివున్న ఇనుముకి మశూచి మచ్చల్లాగా గుంటలు పడతాయి. ఎంత నూనె రాసినా ఆ గుంటలు పూడవు. ఈ కత్తికి ఒక్క గుంట లేదు.

తల ఎత్తేసరికి పోతమ్మ నా మొహంలోకే చూస్తోంది. చేపల బేరంలో కూడా ఆవిడ అలాగే చూస్తుంది, మాట ఇంకా నోట్లో ఉండగానే పట్టేస్తుంది. చెప్పక తప్పుతుందా?

"పిన్నీ, ఇది నీళ్ళలో పడివున్నది కాదు. సముద్రంలోంచి రాలేదు."

"ఏటన్నావు?"

"వలలో పడిందన్నది నిజం కాదు."

"అమ్మోరు నీళ్ళలో ఉంటే తుప్పు పడతాదేటమ్మా, నీ సదువు మండ!"

దానికి నా ల్యాబులో పరీక్ష లేదు. పోతమ్మ పీట అవతల నుంచి మోకాళ్ళ మీద నా దగ్గరికి జరిగింది.

"సూరేకళమ్మా, ఇన్నేళ్ళు నీకు సేపలేసినాను. కుళ్ళింది ఒక్కటేసినానా?"

"లేదు పిన్నీ."

"తూకం తప్పినానా?"

"ఎప్పుడూ లేదు."

"మరి ఆ నోటితోనే సెప్తన్నాను. మా మావ అబద్దమాడీ మనిసి కాదు. వల్లో పడిందన్నాడు, పడిందంతే."

"అమ్మా, ఊరుకో," అన్నాడు ఎల్లారావు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. సముద్రం ఇవ్వలేదంటే ఎవరో ఒకరి దగ్గర్నుంచి వచ్చిందనేగా అర్థం. ఆ లెక్క అతనికి నాకంటే ముందే తట్టింది.

వరహాలుకీ తట్టింది. "నానేటన్నాను మరి? దొంగతనం కాబట్టే వల కథ అల్లీసినాడు ముసలోడు."

"నువ్వప్పుడే సంబరపడకు," అన్నాను. నాకు ఒళ్ళు మండింది. "ఇది డచ్చి కత్తి కాదు. తెల్లదొరల రెండు చేతుల కత్తులు తిన్నగా ఉంటాయి, రెండువైపులా పదును ఉంటుంది. దీనికి పదును ఒకవైపే, పైగా వంపు. నీ పాతసామాన్లాయన అడ్డకమ్మీ ఒక్కటి చూసి మోసపోయాడు."

మూలనున్న గుడ్డపీలిక తీసుకుని కత్తి వీపు మీద పేరుకున్న నూనెమడ్డి రుద్దాను. గట్టిపడిపోయి అంత తేలిగ్గా వదల్లేదు. కిరసనాయిలు అడిగితే ఎల్లారావు తెచ్చిచ్చాడు. రుద్దగా రుద్దగా సన్నటి వెండితీగ మెరిసింది. ఇనుములోకి కొట్టి పొదిగిన తీగ. లతలు, లతల మధ్య గుండ్రగుండ్రటి అక్షరాలు.

గంగరాజు వంగి చూశాడు. "తెలుగే గదేటి?"

"చూడ్డానికి అలాగే ఉంది. చదువు చూద్దాం."

కళ్ళజోడు సవరించుకుని పెదాలు కదిపాడు. ఒక్క అక్షరం కూడా పలకలేదు. ఫొటో తీసి శ్రీసత్యకి పంపాను. టీ కాగేంతసేపు పట్టింది, ఫోన్ మోగింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాను.

"బర్మా లిపి," అంది శ్రీసత్య. "కత్తి కూడా బర్మాదే అనుకుంటున్నా సూర్యా. వాళ్ళ భాషలో దీన్ని 'దా' అంటారు. రెండు చేతులతో పట్టే పెద్ద దా. కాకపోతే ఒక చిక్కు. దా కత్తికి అడ్డకమ్మీ ఉండదు. పిడి గుండ్రంగా, నున్నగా, వెండిరేకు తొడిగి ఉంటుంది. నువ్వు పంపిన ఫొటోలో కమ్మీ ఉంది. ఆ తాడు విప్పి లోపల పిడి చూపిస్తే గాని నేను ఖాయంగా చెప్పను."

ఫోన్ పెట్టేశాను. అందరికంటే ముందు అందుకున్నది గంగరాజే.

"బర్మా అంటే రంగమే గదా?" అన్నాడు. మా వైపు పెద్దవాళ్ళకి రంగూన్ అంటే రంగం. "అప్పలసూరి రంగం రేవులో కూలికెల్లినోడే. అక్కడ జపానోల బాంబులు పడినప్పుడు అడవులంట నడుసుకోనొచ్చీసినాడు, భుజాన పిల్లోడినేసుకోని. ఆ పిల్లోడే పోతమ్మ మొగుడు. మా నాయన సెప్పీవోడు."

"మరి ఆ పిల్లాడి తల్లి?" అన్నాను.

"రంగంలో ఎవుత్తినో సేసుకున్నాడట. దారిలో పోయిందట. ఆ మాటెత్తితే అప్పలసూరి ఎల్లిపోయీవోడు, అక్కడ కూకునీవోడు కాదు."

వరహాలు గబుక్కున ముందుకొచ్చాడు. "పెద్దా, ఒక్క నిమసం. మా తాతా రంగంలోనే మేస్త్రీ. ఈ ఊరి కూలోలందర్నీ తీస్కెల్లినోడు ఆయనే. అప్పలసూరి మా తాత కిందే పన్జేసినాడు. అంటే భీమిలిలో కాదు, అక్కడే కొట్టీసినాడన్నమాట. మేస్త్రీ ఇంట్లో కత్తుంటాది గాని కూలోడి దగ్గిర వెండి కత్తి ఎలగుంటాది? మీరే సెప్పండి మేడం!"

నేనేం చెప్పను? రెంటికీ చెడినట్టయింది. సముద్రం కథా పోయింది, డచ్చి కథా పోయింది. మిగిలిన కథలో ఎల్లారావు తాత మునుపటికంటే ఎక్కువ దొంగయ్యాడు. మేలు చేద్దామని వచ్చి ఆ ఇంటి కూడు నేనే లాక్కుంటున్నానా అనిపించింది. నా కళ్ళు నిజంగానే చెమర్చాయి. దాచుకోవడానికి భూతద్దం తుడిచాను.

"ముడి ఇప్పండి," అన్నాడు వరహాలు. "లోపల మా తాత గుర్తు ఏదైనా ఉంటాది."

"ముడి ఇప్పకూడదు," అన్నాడు ఎల్లారావు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. ఆ పిడి మీద తాడు అలంకారానికి చుట్టింది కాదు. కత్తి ఎవరి చేతికి వస్తే వాళ్ళు తమ సొంత వల తాడు పాతదాని మీద ఒక వరస చుట్టి ముడేస్తారు. పాతది విప్పరు. విప్పితే పేరంటాలు వెళ్ళిపోతుందని భయం. అన్నింటికంటే కింద అప్పలసూరి చుట్టిన వరస, దాని మీద పోతమ్మ మొగుడిది, పైన ఎల్లారావుది.

పోతమ్మ పిడి వంక చూసి కొడుకు వైపు తిరిగింది.

"ఒరే ఎల్లారావూ, నీ ముడి నువ్వు ఇప్పు."

"అమ్మా!"

"ఇప్పమంతన్నానా? మా మావ దొంగో కాదో ఆయన సేత్తో కట్టిందే సెప్తాది. దొంగైతే ఆ కత్తి నా ఇంట్లో నాకొద్దు."

ఎల్లారావు రెండుసార్లు దండం పెట్టి ముడి మీద చెయ్యి వేశాడు. నీలం నైలాను చుట్టలు చుట్టలుగా ఇసుకలో పడింది. దాని కింద తెల్లటి నూలుతాడు. దాని ముడి చూడగానే పోతమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. మొగుడి చేతిముడి. ఏ జాలరి ముడి ఆ జాలరిదే, పెళ్ళాం చీకట్లో కూడా పోల్చుకుంటుంది. అది ఆవిడే విప్పింది. విప్పిన తాడు కింద పెట్టలేదు, ఉండచుట్టి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ కింద జనపతాడు. చెట్టు బెరడు ఉడకబెట్టిన రంగులో ముంచింది. నైలాను రాకముందు వలలన్నిటికీ ఆ రంగే. నల్లగా, రాయిలా గట్టిపడి ఉంది. అది విప్పడానికి అప్పలసూరి తరం వాళ్ళెవరూ లేరు. "నానే ఇప్పుతాను మావా," అని పోతమ్మ కత్తితోనే చెప్పింది.

తాడు సగం ఊడేసరికి అడ్డకమ్మీ కదిలింది. ఇంకో రెండు చుట్లకి ఊడి నేల మీద పడింది. దాంతోపాటు రెండు చిన్న సీసం ముద్దలు.

ఎల్లారావు ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. "వల గుండ్లు ఇయ్యి. వల అడుక్కి కట్టీవి. సాగ్గొట్టి సందులో ఇరికించినారు."

కమ్మీ నేను తీసుకున్నాను. ఒక కొస వంకర, పాత సమ్మెట దెబ్బలు. చిన్న పడవ లంగరు విరిగితే ఆ కొమ్మ ముక్కని సాపు చేసి నడుమ గాడి కొట్టారు. డచ్చి దొరలూ లేరు, గాడిదగుడ్డూ లేదు. ఈ రేవులోనే, ఈ ఇసుకలోనే తయారైన కమ్మీ అది.

"ఎందుకు పెట్టినాడు మావ?" అంది పోతమ్మ.

"పోలిక తెలియకుండా," అన్నాను. "రంగం చూసొచ్చిన వాళ్ళెవరైనా ఇది బర్మా కత్తని చూడగానే పట్టేస్తారు. అలా పట్టుకోకుండా మారువేషం వేశాడు."

వరహాలు నవ్వాడు. "దాసీవోడు దొంగే గదండి."

పోతమ్మ ఆ మాట విననట్టే మిగతా తాడు లాగింది. పిడి బయటికొచ్చింది. శ్రీసత్య చెప్పింది చెప్పినట్టే ఉంది. గుండ్రటి పిడి, వెండిరేకు, రేకు మీద వెండితీగ కట్లు. వెండి నల్లబడింది గాని ఒక్కచోట కూడా అరగలేదు. ఇంక నాకు సందేహం లేదు. బర్మా దా, రెండు చేతులది. ఎవరో పెద్దమనిషి ఇంట్లోదో, ఏ సిపాయి పారేసి పోయిందో. యుద్ధంలో దారిపొడుగునా అలాంటివి ఎన్ని పడి ఉన్నాయో ఎవరికి తెలుసు? పులులూ దొంగలూ ఉన్న అడవి దారిలో, పిల్లాడిని భుజాన వేసుకున్నవాడు చేతికందింది పట్టుకోడా? వరహాలుకి ఇదే చెబుదామని నోరు తెరిచాను.

అప్పుడే చూశాను.

పిడి నడుమ, వెండి మీద ఇంకా ఏదో చుట్టి ఉంది. వలతాడు కాదది. సన్నటి నూలుపోగు, నల్లబడిపోయింది. మడతల్లో మాత్రం పసుపు మిగిలే ఉంది. ఆ పోగుకి చిటికెనవేలి గోరంతవి రెండు బంగారు బిళ్ళలు.

"పుస్తెలు," అన్నాడు గంగరాజు.

పోతమ్మ వాటిని అరచేతిలోకి తీసుకుంది. మనలో పుస్తెలు రెండు కదా, ఒకటి అత్తింటిది, ఒకటి పుట్టింటిది. ఏ ఇంటి అచ్చు ఆ ఇంటిదే. ఒక బిళ్ళ నున్నగా, నడుమ బొడిపెతో ఉంది. "ఇది మాది," అంది పోతమ్మ. "నా మెళ్ళో ఇల్లాటిదే ఉండీది." రెండోదాన్ని వెలుగువైపు తిప్పింది. దాని మీద బొడిపె పక్కన చిన్న నెలవంక చెక్కి ఉంది. పోతమ్మ ఇంకేమీ అనలేదు. చెయ్యి చాచి ఆ బిళ్ళని వరహాలు కళ్ళముందు పెట్టింది.

వరహాలు మొహం మాడిపోయింది. నిరుడు కూతురి పెళ్ళికి కంసాలి దగ్గర కూర్చుని అదే నెలవంక చెక్కించాడట. వాళ్ళింటి ఆడపిల్లలందరికీ అదే.

"మా ఇంటిది," అన్నాడు. "మా ఇంటి పుస్తే."

"నీ తాత గుర్తు సూపమన్నావు గదా," అంది పోతమ్మ. "సూడు."

"మా నాయనకో అక్క ఉండీదట," వరహాలు గోడకి ఆనుకున్నాడు. "రంగంలో జొరమొచ్చి పోయిందని సెప్పీవోడు. పెళ్ళవకుండానే పోయిందనీవోడు. పేరు కూడా సెప్పలేదు ఎప్పుడూ."

"పెళ్ళవనిదాని మెళ్ళో పుస్తెలెలగొచ్చినాయిరా? పుట్టింటి పుస్తె ఎవులిచ్చినారు?" గంగరాజు గట్టిగానే అడిగాడు.

ముత్తైదువుగా పోయిన ఆడమనిషిని పేరంటాలుగా కొలవడం మా ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్నదే. ఏ ఊరి పేరంటాలుకైనా ఒక పేరుంటుంది, ఒక ఇల్లుంటుంది. ఈ కత్తిని పేరంటాలు అని పిలిచే ఊళ్ళో ఏ పేరంటాలు, ఎవరింటి పిల్ల అని ఒక్కళ్ళూ అడగలేదు. నేనూ అడగలేదు. తుప్పు గుంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

"మొదటి సీర మీ ఇంటినుంచే ఎందుకని అడిగినావు వరహాలూ," అంది పోతమ్మ. ఇప్పుడు ఆవిడ ఏడుస్తోంది, దాచుకోవడం లేదు. "ఆడపిల్లకి మొదటి సీర ఎవులు పెడతారు? పుట్టింటోలు పెడతారు. మా మావ సేప వండితే మొదటి ముక్క కత్తి ముందల పెట్టి, ఉప్పు సరిపోయిందా అని అడిగీవోడు. అమ్మోరికి ఉప్పేటి మావా అని నవ్వీదాన్ని. పెళ్ళాన్ని అడిగినాడమ్మా. దారిలో సచ్చిపోతే మన్ను కప్పి, మెళ్ళోవి తీసి కత్తికి కట్టుకోని, ఇంటికి తీసుకొచ్చీసినాడు. ఎవులికీ సెప్పలేక సముద్రం ఇచ్చిందనీసినాడు."

ఎల్లారావు కత్తి దగ్గర కూలబడ్డాడు. అతని నాన్నమ్మ. మొహం తెలియదు, పేరు తెలియదు. ప్రతి జాతరకీ రెండు చేతులా ఎత్తి మోసింది ఆవిడనే.

వరహాలు ముందు తేరుకున్నాడు. బయటికి వినపడకుండా గొంతు తగ్గించాడు. "పెద్దా, ఇది ఈ గదిలోనే ఉండిపోవాలి. మా తాత పరువు, మా నాయన మాట ఏటవుతాయి? నాను పంచాయితీలోంచి తప్పుకుంటాను. కత్తి ఎల్లారావుదేనని నానే సెప్పీస్తాను. దొంగన్న మాట ఎనక్కి తీసుకుంటాను. తాడు ఎలగుందో అలగే సుట్టీండి. మేడం, మీరు బర్మా కత్తని సెప్పండి, సాలు. ఆ పుస్తెల మాటెత్తకండి."

ఎల్లారావు తల ఎత్తాడు. ఆ కళ్ళలో ఆశ నాకు స్పష్టంగా కనపడింది, అతన్ని తప్పుపట్టలేను. పిల్లలున్నవాడు. ఒక్క ముడి వేస్తే చాలు, మచ్చ పోతుంది, రేపు పొద్దున్న పడవ దిగుతుంది.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "సుట్టీదామా?"

పోతమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఉక్కు గురించి అడిగితే చెబుతాను గాని దీనికి నేనెవర్ని?

"సుట్టీస్తే నువ్వు దొంగోడివి కాకుండా పోతావురా," అంది పోతమ్మ. "మరి మీ నాన్నమ్మేటవుద్ది? ఇన్నేళ్ళు తాడు కింద ఊపిరాడక పడుంది. అత్తోరింట్లో పేరు లేదు, పుట్టింట్లో పేరు లేదు. నా సేత్తో మళ్ళీ పాతీమంటావా?"

"పోతమ్మత్తా, ఆలోచించు," అన్నాడు వరహాలు. "నాను బతిమాలతన్నాను."

"నన్ను కాదు బతిమాలాల్సింది."

పోతమ్మ పుస్తెలని కొంగున ముడేసుకుంది. గంగరాజు నోరు తెరిచాడు, అవుననబోయాడో కాదనబోయాడో తెలియదు. అంతలో బయట పందిట్లో అలజడి. కుర్చీలు జరిపిన చప్పుడు, "తప్పుకోండి, తప్పుకోండి" అని కేకలు. ఆడవాళ్ళెవరో "ఓలమ్మో, ఈ ఎండలో ముసల్దాన్ని తెచ్చీసినారేటి!" అంటున్నారు.

వరహాలు తలుపు తీశాడు.

గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలావిడ. ఇద్దరు మోసుకొచ్చి ఇసుకలో దించారు. గుప్పెడంత మనిషి, చూపు సరిగా లేదు, ఒళ్ళో మడత విప్పని కొత్తచీర. గౌరీశ్వరి. వరహాలు మేనత్త.

"అత్తా, నువ్వెందుకొచ్చినావు? ఎవులు తెమ్మన్నారు నిన్ను?" వరహాలు ఆవిడకి అడ్డంగా నిలబడ్డాడు.

ఆవిడ అతన్ని చూడలేదు. అతని చొక్కా పట్టుకుని పక్కకి జరిపింది. గదిలోకి, కింద పడిన తాళ్ళ వైపు, వెండి పిడి వైపు మెడ చాచింది. పందిట్లో ఊరంతా ఉంది.

"ముడి ఇప్పీసినారా?" అంది గౌరీశ్వరి. "మా అక్క బయటికొచ్చిందా?"